దొరగారి కోటు బిగుతైన ఏడు

మా మామయ్యగారు ఆ కొండమీద ముప్పై ఒక్కసార్లు చనిపోయారు. అందులో ఇరవై రెండు చావులు నేను కళ్ళారా చూసినవే. ఏడాదికొకటి, ఎండలు ముదరకముందు, ఊరంతా చప్పట్లు కొడుతుండగా. ముప్పై రెండో చావు దగ్గరకొచ్చేసరికి డాక్టరు అడ్డుపడ్డాడు.

"మెట్లెక్కకూడదు," అన్నాడు డాక్టరు, కాగితం మీంచి తలెత్తకుండా.

"ఎన్ని మెట్లు?" అని అడిగారు మామయ్యగారు.

"ఎన్నేమిటండీ?"

"మా ఇంటికి మూడున్నాయి. కొండకి మూడు వందల పన్నెండు. మీరు దేని సంగతి చెబుతున్నారో తెలియాలి కదా."

డాక్టరు పెన్ను కింద పెట్టి ఆయన వంకా, తోడుగా వచ్చిన నా వంకా చూశాడు. "మీ ఇంటి మూడూ ఎక్కండి. నెమ్మదిగా. కొండ మాట మర్చిపోండి."

తర్వాత మామయ్యగారి ప్యాంటు కాస్త పైకి లాగి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి చూపించాడు. గుంట పడి అలాగే ఉండిపోతే, గుండె సరిగ్గా కొట్టక ఒంట్లో నీరు చేరుతున్నట్టు లెక్కట. చెప్పులు పట్టకపోయినా, బట్టలు ఉన్నట్టుండి బిగుతైనా అదే లెక్కట. ప్రస్తుతానికి గుంటలేమీ పడలేదు. పడితే మాత్రం ఆ రోజే రావాలన్నాడు. ఉప్పు సగానికి సగం తగ్గించమన్నాడు.

మామయ్యగారు ముప్పై నాలుగేళ్ళు నీళ్ళ పంపు హౌస్‌లో ఆపరేటరుగా చేశారు. "అంటే పంపు అలిసిపోతే ట్యాంకు పొంగుతుందన్నమాట," అన్నారు.

"సరిగ్గా అదే," అన్నాడు డాక్టరు, ఒక మనిషికైనా తన మాట అర్థమైందన్న సంతోషంతో.

తిరిగొచ్చేటప్పుడు దారిలో ఆయన నాతో అన్నది ఒకే ఒక్క మాట. "మెట్ల సంగతి మీ అత్తయ్యకి చెప్పకు. ఉప్పు సంగతి చెప్పు. వారం రోజులు సతాయించడానికి దానికి అది చాలు."

మా ఊరిని ఆనుకునే ఆ కొండ ఉంది. నూట పాతికేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున, దాని కొమ్మున మనవాళ్ళు యాభై ముగ్గురు కలిసి తెల్లదొరల దండుని అడ్డుకున్నారు. దండుకి ముందు నడిచిన దొర పైదాకా ఎక్కి, అక్కడి నల్లబండ మీద బల్లెం పోటుకి పడిపోయాడు. మిగిలినవాళ్ళు తుపాకులు పారేసి దిగిపోయారు. ఆ తర్వాత దొరతనం ఏటికి ఇవతలి ఒడ్డున కాలు పెట్టలేకపోయింది. ఏటా ఆ రోజున ఊరు ఆ యుద్ధాన్ని మళ్ళీ చేస్తుంది. యాభై ముగ్గురి వేషాలకీ పోటీ ఉంటుంది. మా తాత మూడోవాడంటే మా తాత రెండోవాడని కొట్టుకుంటారు. దొర వేషానికి మాత్రం మొదట్నుంచీ మనిషి దొరికేవాడు కాదట. మామయ్యగారు ఊరికి బదిలీ అయి వచ్చిన నాలుగో నెలలో, ఎవరూ రాకపోతే నేనేస్తానని లేచి నిలబడ్డారు. ఆ రోజునుంచి ఆయన దొరగారు, మాది దొరగారిల్లు. పాలవాడు కూడా అలాగే అంటాడు. మా ఆయన మాత్రం ఆ మాట వింటే ఇప్పటికీ మొహం ముడుచుకుంటారు. చిన్నప్పుడు యుద్ధం మర్నాడు బడిలో దొర కొడుకని పిల్లలు నాలుగు తగిలించేవాళ్ళట.

"ఈ ఊళ్ళో నాకు తాతముత్తాతలు లేరు, గజం నేల లేదు," అనేవారు మామయ్యగారు. "ఆ బండ మీద పడటానికి ఆరడుగులుంది. అది నాది."

అందుకే డాక్టరు మాట ఆయన చెవికెక్కదని నాకు ఆస్పత్రి గుమ్మంలోనే తెలిసిపోయింది.

ఆ వారంలోనే కండక్టరు బాబాయిగారు వచ్చారు. రిటైరై బస్సు దిగి పదేళ్ళయినా ఆ పేరు ఆయన్ని వదల్లేదు. యుద్ధంలో బల్లెం ఆయనది. మామయ్యగారిని ముప్పై ఒక్కసార్లూ పొడిచింది ఆయనే.

"నూట పాతికో ఏడు బావా!" అన్నారు వస్తూనే, కుర్చీ తనే లాక్కుని. "టీవీవాళ్ళొస్తున్నారు. పెద్దాఫీసరు వస్తున్నాడు. నువ్వు బండ మీద పడ్డాక రెండు దొర్లులు దొర్లాలని కమిటీలో అనుకున్నాం."

"దొర దొర్లలేదురా. నిలువునా పడ్డాడు."

"నువ్వు చూశావా?"

"నువ్వు చూశావా?"

అత్తయ్య టీ గ్లాసులు బల్ల మీద ఠపీమని పెట్టింది. "ముప్పై ఏళ్ళుగా మా ఆయన్నే చంపుతున్నావు. ఈ ఒక్క ఏడూ నువ్వు చావకూడదూ?"

"నాకేం అభ్యంతరం లేదు అక్కా. చరిత్ర ఒప్పుకోదు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మామయ్యగారు నవ్వుతూనే గ్లాసు చాటునుంచి నా వంక ఒక చూపు చూశారు. నోరు మెదపకు అని దాని అర్థం.

మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తారు. ఆ నెలంతా ఉత్సవం పోస్టర్లూ, ఆహ్వానాలూ అక్కడే. ఇంటికొచ్చేసరికి వేళ్ళకి ఎర్రసిరా. సంగతంతా చెప్పాను. ఆయన సబ్బు రుద్దుకుంటూ విన్నారు.

"నేను చెబితే, వేషం నీకు మొదట్నుంచీ ఇష్టం లేదు కదరా అంటాడు," అన్నారు చివరికి. "అది నిజమే కాబట్టి ఇంక మాట్లాడలేను. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. నీ మాట వింటాడు."

మా ఇంట్లో పిల్లికి గంట కట్టే పని ఎప్పుడూ నాకే వస్తుంది.

మంచి మాటతో చెప్పాను. "అలాగేనమ్మా, చూద్దాం," అన్నారు. డాక్టరు మాట గుర్తు చేశాను. "డాక్టరు కుర్రాడు. కొండ ఎప్పుడైనా ఎక్కాడా?" అన్నారు. అత్తయ్యకి చెప్పేస్తానని బెదిరించాను. "చెప్పు. నాకంటే ముందు దాని గుండె ఆగుతుంది," అన్నారు. అత్తయ్య సంగతి నాకూ తెలుసు.

అప్పుడు నాకు కోటు గుర్తొచ్చింది.

ఆ ఎర్రకోటు బాధ్యత పెళ్ళయిన ఏడాదినుంచీ నాది. నేను డిగ్రీలో చరిత్ర చదివాను. ఆ చదువు ఈ ఇంట్లో ఉపయోగపడింది ఒక్క కోటు దగ్గరే. మొదట దానికి తొమ్మిది గుండీలుండేవి. నా పుస్తకంలోని బొమ్మలో పది ఉన్నాయి. పదోది వెతికి తెచ్చి కుట్టేదాకా నాకు నిద్ర పట్టలేదు. మందపాటి ఉన్నిగుడ్డ. ముప్పై ఏళ్ళలో ఒకటి రెండుసార్లు వదులు చేయడంతో లోపలి మడతల్లో ఇంక గుడ్డ మిగల్లేదు. మామయ్యగారికి ఆ కోటే తూకపురాయి. ఏటా యుద్ధానికి పదిహేను రోజుల ముందు బీరువా అద్దం ముందు తొడుక్కుని, పది గుండీలూ పెట్టుకుని, "అంగుళం కూడా మారలేదు," అని ఇల్లంతా వినపడేలా అంటారు.

నా ఆలోచన సులువైనదే. కోటు పట్టకపోతే ఆయనకి సిగ్గేస్తుంది. పొట్ట పెరిగిన దొరని చూసి టీవీవాళ్ళు నవ్వుతారని తనే వెనక్కి తగ్గుతారు. ఎవరూ వద్దన్నట్టుండదు.

ఒక మధ్యాహ్నం అత్తయ్య కునుకు తీస్తుండగా పని మొదలుపెట్టాను. రెండు పక్కల కుట్లూ విప్పి, ఇటు అంగుళం, అటు అంగుళం లోపలికి తీసుకున్నాను. కొత్త దారం మెరుస్తుందని పాత దుప్పటంచులోంచి వెలిసిన ఎర్రదారం లాగి దానితోనే కుట్టాను. పాత సూది చిల్లులు కనపడకుండా తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాను. కమిటీ కాదు కదా, కుట్టినవాడే వచ్చి చూసినా పట్టుకోలేడు. దొంగపనైనా సరే, పని శుభ్రంగా లేకపోతే నా మనసు ఒప్పుకోదు.

పదిహేను రోజుల ముందు, ఎప్పటిలాగే, ఆయన కోటు అడిగారు. నేను వంటింటి గుమ్మంలో పప్పు ఏరుతూ కూర్చున్నాను. పైనుంచి మూడు గుండీలు పడ్డాయి. నాలుగోది అందలేదు. ఊపిరి బిగబట్టి లాగారు. అందలేదు. అత్తయ్య చూసి, "తినండి, ఇంకా తినండి," అని నవ్వింది.

ఆయన నవ్వలేదు. అద్దంలో తనని తాను కొంచెంసేపు చూసుకున్నారు. తర్వాత గుండీలు ఒక్కొక్కటే విప్పి, కోటు మడిచి, చేతులు దాని మీద ఆనించి కూర్చున్నారు.

"సరే," అన్నారు.

ఆ ఒక్క మాటకి నా గుండె తేలికపడింది. చూశావా, ఎంత సులువుగా అయిపోయిందో అనుకున్నాను.

మర్నాటినుంచి ఆయన ఉప్పు పూర్తిగా మానేశారు. సగం కాదు, పూర్తిగా. కూర వేరే తీయమన్నారు. సగం తిని కంచం పక్కన పెట్టేసేవారు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు ప్యాంటు పైకి లాగి మోకాలి కింద వేలితో నొక్కుకునేవారు. వెలుతురుకి కాలు అటూ ఇటూ తిప్పి చూసుకునేవారు. మనిషి నొక్కగా నొక్కగా ఎక్కడో ఒకచోట గుంట కనిపించక మానదు.

మూడో రోజున తన స్పానర్ల పెట్టె ప్లంబరుకి ఇచ్చేశారు. అయిదో రోజున నన్ను మేడ మీదకి పిలిచి, నీళ్ళ ట్యాంకు వాల్వు ఎలా తిప్పాలో నేర్పారు. "ఎడమకి సగం చుట్టు. బలం పెట్టకు. మీ ఆయనకి ఓపిక లేదు, విరగ్గొడతాడు. నువ్వే చూసుకో."

"మీరుండగా నాకెందుకు మామయ్యా?"

"తెలిసుండటం మంచిదమ్మా."

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అత్తయ్య నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. కళ్ళనిండా నీళ్ళు.

"నాకు భయంగా ఉందే. పొద్దున్న ఆయన నన్ను, నీకేమన్నా కావాలా అని అడిగాడు."

"అడిగితే ఏమైంది అత్తయ్యా?"

"నలభై అయిదేళ్ళలో అడగలేదు! నిన్న కూర మాడింది. బాగుందన్నాడు. మనిషి నాతో మర్యాదగా మాట్లాడుతున్నాడే. ఏదో అయింది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అత్తయ్య ఏడుస్తుంటే నేను సూదుల డబ్బా ఎక్కడుందో చూసుకున్నాను.

కోటు ఎక్కడుందో కూడా చూశాను. బీరువాలో లేదు. సాయంత్రం బజారు దర్జీ వాళ్ళబ్బాయితో దాన్ని పంపించాడు. ఇదివరకు వదులు చేసింది తనే కాబట్టి లోపల గుడ్డ మిగల్లేదని విప్పి చూడకుండానే తెలుసని, పక్కన వేరే రంగు పట్టీ వేస్తానంటే దొరగారు సరేనన్నారని, పట్టీకి గుడ్డ తెప్పించాక మళ్ళీ తీసుకెళ్తానని కబురు. అంటే ఆయన వెనక్కి తగ్గలేదు.

వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆయన వరండాలో కూర్చుని కొండ వైపు చూస్తున్నారు. మెట్లకి కొత్తగా సున్నం వేస్తున్నారు, కింద సగందాకా తెల్లగా మెరుస్తోంది.

"కోటుకి పట్టీ వేయిస్తున్నారట?"

"కూర్చోమ్మా," అన్నారు. నెమ్మదిగా, పంపు హౌస్‌లో కొత్తగా చేరినవాడికి పని చెప్పినట్టు చెప్పారు. "ట్యాంకు నిండుతోంది. డాక్టరు చెప్పిన లెక్కే. పోయిన ఏడు పది గుండీలూ పట్టాయి. ఈ ఏడు మూడు. తిండి సగం చేశాను, ఉప్పు మానేశాను, అయినా దిగలేదు. దర్జీ దగ్గర మళ్ళీ తొడిగి చూశాను."

"మరి ఆస్పత్రికి పోదాం పదండి. ఇప్పుడే."

"వెళ్తే మంచమెక్కిస్తారు. యుద్ధం అయ్యాక వెళ్తాను." కొండ వైపే చూస్తూ అన్నారు, "ఎలాగూ పోయేదే కదమ్మా. మంచం మీదకన్నా అక్కడ బాగుంటుంది. నాకు అలవాటైన చోటు."

ఆయన మొహంలో భయమేమీ లేదు. అది చూసే నాకు భయమేసింది. నేను ఆయన్ని కొండ దింపుదామని చేసిన పని ఆయన్ని ఉన్నపళాన కొండ కొమ్ముకి ఎక్కించేసింది.

చెబితే ఏమవుతుందని ఆ రాత్రంతా ఆలోచించాను. ఇంకెప్పుడూ నన్ను నమ్మరు. కోటు పట్టిందన్న ఆనందంతో, ఇంకా హాయిగా మెట్లెక్కేస్తారు. చెప్పకపోయినా ఎక్కుతారు. రెండు వైపులా గొయ్యే. అయితే ఒక మనిషి తను చచ్చిపోతున్నాననుకుంటూ పూట పూటా నా చేతి అన్నం తినడం మాత్రం నావల్ల కాలేదు.

మర్నాడు, యుద్ధం ఇంకా అయిదు రోజులుందనగా, మధ్యాహ్నం కోటూ, సూదీదారం, చిన్న కత్తెరా తీసుకుని వరండాలోకి వెళ్ళాను. ఆయన పక్కనే కింద కూర్చుని, ఎడమ పక్క కుట్టులో కత్తెర మొన పెట్టాను.

"ఏం చేస్తున్నావు? దర్జీ వేస్తానన్నాడు కదా."

"ఈ కుట్లు పాతవి కావు మామయ్యా," అన్నాను, తల ఎత్తకుండా. "నావి."

ఒక పక్క అయ్యాక రెండో పక్క తిప్పాను. దారం ముక్కలు ఒళ్ళో పడుతున్నాయి.

"ఎంత తీశావు?" అని అడిగారు కాసేపటికి.

"ఇటు అంగుళం, అటు అంగుళం."

"ఎప్పుడు?"

"కొలత చూసుకునేముందు వారం."

లేచి నిలబడి చెయ్యి చాపారు. కోటు అందించాను. పక్కలకి వదులు టాకాలు రెండేసి వేసి ఉంచాను, ఊడిపోకుండా. ఆయన తొడుక్కుని మొదటి గుండీ పెట్టారు, రెండోది, మూడోది. నాలుగోది పడింది. పదీ పడ్డాయి. పడటమే కాదు, పది రోజుల ఉప్పులేని తిండికి పొట్ట దగ్గర పిడికిలి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలోకి తన పిడికిలి దూర్చి చూసుకున్నారు. కూర్చుని, ప్యాంటు పైకి లాగి, ఎముక మీద నొక్కి, వేలు తీసి చూశారు. ఏమీ లేదు.

"అమ్మాయ్," అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు.

"మామయ్యా."

"కొంచెం ఉప్పు తీసుకురా."

పరిగెత్తి వెళ్ళి అరచేతిలో నాలుగు పలుకులు తెచ్చాను. ఒక్క పలుకు తీసుకుని నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నారు. కళ్ళు మూసుకునే తిట్టడం మొదలుపెట్టారు.

"ఆ కండక్టరుగాడు నన్ను ఏడాదికి ఒక్కసారి చంపుతాడు. నువ్వు పది రోజులు వరసగా చంపావు. నీకంటే వాడే నయం. కిటికీ దగ్గర కూర్చుని ఎవరెవరికి ఏమేం చెప్పాలో అన్నీ తయారు చేసుకున్నాను. మీ అత్తయ్య మాడ్చిన కూర బాగుందన్నాను! ఇప్పుడు అదెట్లా వెనక్కి తీసుకునేది?"

"ఎవరండీ చచ్చేది?" అంటూ అత్తయ్య నిద్రమొహంతో బయటికొచ్చింది. ఎర్రకోటులో ఏడుస్తున్న మొగుణ్ణీ, ఒళ్ళో దారాలతో ఏడుస్తున్న కోడల్నీ చూసి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

ఇంక దాచడానికి లేదు. మెట్లు, డాక్టరు, నీరు, కోటు, అన్నీ చెప్పాను. అత్తయ్య గుండె ఆగలేదు సరికదా, కొంగలా మెడ సాచి మా ఇద్దరి మీదా ఒకేసారి విరుచుకుపడింది.

"రెండంగుళాలు తీసిందట! మహా తెలివి! నాకొక్క ముక్క చెప్పుంటే కోటు మొత్తం పొయ్యిలో పెట్టేదాన్ని. ఈ డిగ్రీలు చదివినవాళ్ళతో ఇదే చావు."

ఇంతా అయ్యాక అసలు మాట మిగిలే ఉంది. అది అడిగే ధైర్యం నాకు లేదు. రాత్రి భోజనాల దగ్గర మా ఆయనే అడిగారు. "మరి కొండ సంగతేమిటి నాన్నా?"

మామయ్యగారు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు.

"అదేమిటోరా," అన్నారు. "పోతాననుకున్నప్పుడు మూడు వందల మెట్లూ లెక్కనిపించలేదు. ఇప్పుడు మేడ మీదకి వెళ్ళాలన్నా కమ్మీ పట్టుకోబుద్ధేస్తోంది." ఇంకో ముద్ద తిని అన్నారు, "నేను ఎక్కను."

అత్తయ్య ఆయన కంచంలో ఇంకాస్త కూర వేసింది.

పొద్దున్నే కండక్టరు బాబాయిగారి దగ్గరికి తనే నడిచి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. విషయం విని ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, మళ్ళీ కూర్చున్నారు.

"నాలుగు రోజుల్లో యుద్ధం పెట్టుకుని ఇప్పుడా చెప్పేది? నీకు బదులు ఇంకొకణ్ణి ఎట్లా పొడవమంటావు? చెయ్యి రాదు నాకు."

"అలవాటవుతుందిలే."

"నిజం చెప్పనా బావా? నిరుడు రెండు వందల మెట్ల దగ్గర దొర ఆగాడని అందరూ అనుకున్నారు. ఆగింది నీకు ముందు ఎక్కుతున్న నేను. మోకాళ్ళు పట్టేశాయి. నువ్వు చూసి ఆగిపోయావని నాకు తెలుసు."

"నాకూ తెలుసు."

తర్వాత బాబాయిగారు, "మీవాడు వేస్తాడా?" అన్నారు.

మా ఆయన మొహం నా కళ్ళ ముందు మెదిలింది. మామయ్యగారు వెంటనే తల అడ్డంగా ఊపారు.

"వాడు ఈ ఊళ్ళో పెరిగినవాడు. వాడికి ఆ అవసరం లేదు. ఊరికి కొత్తగా ఎవరొచ్చారో చెప్పు. బస్సు దిగే ప్రతివాణ్ణీ ఎరుగుదువు కదా."

అలా దొరికాడు పశువుల డాక్టరు. వచ్చి మూడు నెలలు. బస్టాండు ఎదురుగా అద్దెగదిలో ఉంటాడు, హోటల్లో గోడవైపు తిరిగి ఒక్కడే తింటాడు. ఊరు అతన్ని ఆ పొడుగాయన అంటోంది. వెళ్ళి అడిగితే, "నేనా? నాకు నటించడం రాదండీ," అన్నాడు.

"నటించక్కర్లేదు బాబూ. ఎక్కడం, పడటం. అంతే," అన్నారు మామయ్యగారు.

ఆ నాలుగు సాయంత్రాలూ మా ముందుగదిలో చావు పాఠాలు. కోటు అతని ఒంటి మీద వెదురుకర్రకి తగిలించినట్టుంది. మళ్ళీ రెండు పక్కలా కుట్లు లోపలికి తీశాను, ఈసారి అందరికీ చెప్పి మరీ.

"మొదట మోకాలు. తర్వాత నడుము. తల ఆఖర్న. తల ముందు పడిందో, ఏడాదంతా నొప్పి," అంటూ మామయ్యగారు కుర్చీలోంచి చెయ్యి ఊపుతుండేవారు. "తొందరపడకు. ఆ దొరకి ఇరవై ఆరేళ్ళట. మనల్ని చంపడానికే వచ్చాడు, అది వేరే సంగతి. అయినా ఇంత దూరం వచ్చి ఇలా అయిందేమిటని ఒక్క క్షణం అనుకుని ఉంటాడు. అది అనుకుని అప్పుడు పడు."

పశువుల డాక్టరు అది అనుకుని పడ్డాడు. పడటానికని వేసిన పరుపు మీంచి లేవకుండానే, "నిజమేనండీ," అన్నాడు. అత్తయ్య ఆ రోజునుంచి అతనికి మా ఇంట్లోనే భోజనం అంది.

యుద్ధం రోజున కొండ కింద కుర్చీలు వేశారు. మామయ్యగారిని ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను ఒక పక్క కూర్చున్నాను. రెండో పక్క అత్తయ్య వచ్చి కూర్చుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడ యుద్ధానికి రావడం అదే మొదటిసారి. ఏటా ఆ వేళకి ఇంట్లో తలుపులన్నీ వేసుకుని రేడియో గట్టిగా పెట్టుకునేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

తుపాకుల మోతకి టపాసులు పేలాయి. ఎర్రచుక్క ఒకటి తెల్లమెట్ల మీద పైకి పాకింది. గంట ముందే బయల్దేరి పైన కూర్చున్న కండక్టరు బాబాయిగారు బల్లెం ఎత్తుకుని బండ వెనకనుంచి లేచారు. ఎర్రచుక్క ఆగింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత మోకాళ్ళ మీదకి, నడుము మీదకి, బండ మీదకి ఒరిగింది.

"బాగా పడ్డాడు," అన్నారు మామయ్యగారు. అంతలోనే కుర్చీలోంచి ముందుకి వంగి, "చెయ్యి! చెయ్యి దించు! చచ్చినవాడు గోక్కోకూడదు!"

"మీ మాట అక్కడికి వినపడుతుందా?" అంది అత్తయ్య. కళ్ళకి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసి పైకి చూసింది. "ఇంతేనా?"

"ఇంతే."

"దీనికా నేను ఇన్నేళ్ళూ చెవులు మూసుకున్నది!"

మైకులో యాభై ముగ్గురి పేర్లూ చదివారు. ఆనాడు చనిపోయిన అందరి కోసం ఒక నిమిషం లేచి నిలబడమన్నారు. కుర్చీలు కిర్రుమన్నాయి. మామయ్యగారు కుర్చీ చేతులు పట్టుకుని నెమ్మదిగా లేచారు. అంత జనంలో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది.

"ఈ నిమిషం ఎట్లా ఉంటుందో నాకు తెలియదే," అని గుసగుసగా అన్నారు, అత్తయ్య వైపు తల వంచి. "ఏటా ఈ నిమిషం నేను పైన పడుకునే ఉంటాను."

"ష్," అంది అత్తయ్య.

గంట కొట్టారు. అందరూ కూర్చున్నారు. ఎదురుగా ఆఫీసరు ఉపన్యాసానికి కాగితాలు సర్దుకుంటున్నాడు. మామయ్యగారు మాత్రం అలాగే నిలబడి ఉన్నారు. వెనక వరసవాళ్ళకి అడ్డమవుతోందని అత్తయ్య చొక్కా అంచు పట్టి లాగింది.

"అయిపోయిందండీ. కూర్చోండి."

"ఉండవే," అన్నారు ఆయన. "కాసేపు నిలబడనీ."